గ్యాలరీకి పేరు పెట్టిన రోజులు

తొంభైల్లో, రెండువేల తొలినాళ్ళలో టీవీలో టెస్టు క్రికెట్ చూసినవాళ్ళకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. బౌండరీ అవతల రెయిలింగు పొడవునా కట్టిన తెల్ల జెండాలు, వాటి మధ్య ఎర్ర శిలువ, ఆ శిలువ అడ్డపట్టీ మీద ఎవరో చేత్తో రాసుకున్న ఊరి పేరు. ఇంగ్లండ్ ఎక్కడ ఆడితే అక్కడ ఆ జెండాలు వెలిసేవి. సగం జట్టు వంద లోపే వెనక్కి వచ్చేసినా వాటి వెనక పాట మాత్రం ఆగేది కాదు. వాళ్ళే బార్మీ ఆర్మీ. అంటే వెర్రిసైన్యం.

ఆ పేరు వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్నది కాదు. 1994–95 యాషెస్‌కి ఆస్ట్రేలియా వెళ్ళిన ఇంగ్లండ్ అభిమానులకు అక్కడి పత్రికలు తగిలించిన పేరు. ఓడిపోయే జట్టు కోసం అంత ఖర్చు పెట్టుకుని ప్రపంచం ఆ చివరకు వచ్చి, రోజంతా ఎండలో గొంతు చించుకుంటుంటే చూసేవాళ్ళకు వెర్రిగానే అనిపించింది. సిరీస్ 3–1తో ఆస్ట్రేలియాదే. ఇంగ్లండ్ గెలిచిన ఆ ఒక్క టెస్టు అడిలైడ్‌లో. ఆ అడిలైడ్‌లోనే అభిమానులు కెప్టెన్ ఆథర్టన్ పేరు కలిపి, ఈ పేరును టీషర్టుల మీద అచ్చు వేయించుకున్నారు. తర్వాత అదే ఆస్ట్రేలియాలో దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు కూడా చేయించారు. తిట్టిన దేశంలోనే తిట్టు మీద హక్కు రాయించుకోవడం! అభిమానుల ముద్దుపేర్ల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం అదే.

గట్టిగా నిలబడిన పేర్లు చాలావరకు ఇలా ఎదుటివాళ్ళ నోట పుట్టినవే. వాటితో అభిమానులకు ఉండే బంధం వేరు. మార్కెటింగు విభాగం పంచిపెట్టిన పేరు గెలుపు రోజున బాగానే ఉంటుంది. ఓడిన రాత్రి ఒంటి మీద నిలిచే పేరు మాత్రం ముందే దెబ్బలు తిని ఉండాలి.

అర్జెంటీనా ఫుట్‌బాల్ క్లబ్బు రివర్ ప్లేట్ సంగతే చూడండి. 1966 మే నెలలో దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు కోపా లిబర్టడోరెస్‌ను తేల్చే మ్యాచ్, చిలీ రాజధాని శాంటియాగోలో, ఉరుగ్వే జట్టు పెన్యరోల్‌తో. సగం ఆటకు రివర్ 2–0 ఆధిక్యంలో ఉంది. అక్కణ్ణుంచి జారిపోయి అదనపు సమయంలో 4–2తో ఓడింది. తిరిగొచ్చాక బాన్‌ఫీల్డ్‌తో ఆడుతుంటే అక్కడి ప్రేక్షకులు ఎర్రపట్టీ కట్టిన తెల్ల కోడిపెట్టను మైదానంలోకి వదిలారు. రివర్ జెర్సీ కూడా అంతే, తెలుపు మీద ఏటవాలు ఎర్రపట్టీ. ఆ రోజు నుంచి రివర్ వాళ్ళు కోడిపెట్టలు. ఫైనల్ అనగానే వణికిపోయే పిరికిపందలని దాని అర్థం.

ఆ పేరు వాళ్ళకు చాలాకాలం గుచ్చుకుంది. ఎప్పుడు మెత్తబడిందో ఫలానా తేదీ అని ఎవరూ చూపలేరు. మెల్లగా వాళ్ళ పాటల్లోకే కోడిపెట్ట వచ్చి చేరింది, జెండాల మీదకు ఎక్కింది. 2011 జూన్ 26న బెల్‌గ్రానోతో సొంత మైదానంలో 1–1 డ్రా చేసుకుని, రెండు మ్యాచుల లెక్కలో 3–1తో వెనకబడి, రివర్ తన చరిత్రలో మొట్టమొదటిసారి కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ తర్వాత ఏడాదంతా ఎదుటివాళ్ళు కోడికూతలు కూస్తూనే ఉన్నారు. 2018 డిసెంబరు 9న మాడ్రిడ్‌లో ఆజన్మ ప్రత్యర్థి బోకా మీద 3–1తో లిబర్టడోరెస్ కప్పు గెలిచిన రోజు అభిమానులు ఆ పేరును నెత్తిన పెట్టుకుని ఊరేగారు. ఆ గెలుపు అంత తియ్యగా ఉండటానికి వెనకున్న యాభై రెండేళ్ళ వెక్కిరింతే కారణమని రివర్ అభిమానులెవర్ని అడిగినా చెబుతారు. బోకా వాళ్ళకూ అలాంటి పేరే ఉంది. వాళ్ళ మైదానం దగ్గర పశువుల పేడ వాడి ఇటుకలు చేసే బట్టీ ఉండేదని, ఆ వాసన పేరుతోనే వాళ్ళను పిలుస్తారు. వాళ్ళూ దాన్ని గర్వంగానే పాడుకుంటారు.

బ్రెజిల్‌లో ఫ్లమెంగో కథ ఇంకా పదునైనది. ఆ జట్టు అభిమానుల్లో పేదలు, నల్లజాతివాళ్ళు ఎక్కువ. అందుకని ప్రత్యర్థులు వాళ్ళను రాబందులనేవాళ్ళు. అది రంగును ఎత్తిపొడిచే మాట, ఆటతో దానికి సంబంధం లేదు. 1969లో బొటఫోగోతో మ్యాచ్‌కు కొందరు ఫ్లమెంగో కుర్రాళ్ళు నిజంగానే ఒక రాబందును పట్టుకుని మరకానా స్టేడియానికి తెచ్చి, కాలికి జట్టు జెండా కట్టి ఎగరేశారు. అది మైదానంలో వాలగానే గ్యాలరీ మొత్తం లేచి తనను తాను రాబందు అని పిలుచుకుంది. ఫ్లమెంగో 2–1తో గెలిచింది. అంతవరకు ఆ జట్టు చిహ్నం పొపాయ్. ఆ రోజు తర్వాత పొపాయ్ వెనక్కి తగ్గాడు. ఎన్‌ఫిల్ అనే కార్టూనిస్టు గీసిన రాబందు పత్రికల్లోకి, పతాకాల మీదికి వచ్చేసింది. ఆట మొదలవ్వకముందే, ఎవరూ ఏమీ అనకముందే, ఆ మాట వాళ్ళ సొంతమైపోయింది. ఎదుటివాళ్ళకు ఇక విసరడానికి ఏమీ మిగల్లేదు.

అదే బ్రెజిల్‌లో పల్మెయిరాస్ క్లబ్బుకు మాత్రం చాలా కాలం పట్టింది. పంది అన్న తిట్టు 1969లో మొదలైంది. ప్రత్యర్థి క్లబ్బు కోరింథియన్స్ ఆటగాళ్ళిద్దరు కారు ప్రమాదంలో చనిపోయారు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను నమోదు చేసుకుంటామంటే పల్మెయిరాస్ ఒప్పుకోలేదు. ఆ కోపంలో పుట్టిన తిట్టు అది. పదిహేడేళ్ళ పాటు గ్యాలరీ దాన్ని దిగమింగింది. 1986లో కానీ క్లబ్బు, అభిమానులు కలిసి దాన్ని బాహాటంగా ఎత్తుకోలేదు. జొర్జిన్యో అనే ఆటగాడు పందిని ఎత్తుకుని పత్రిక ముఖచిత్రానికి నిలబడ్డాడు. ఫ్లమెంగో వాళ్ళ తిట్టులో వాళ్ళ తప్పేమీ లేదు. ఇక్కడ తిట్టు వెనక ఒక నిజమైన మనస్తాపం ఉంది. అలాంటిదాన్ని వెంటనే నవ్వుతూ ఎత్తుకుంటే చూసేవాళ్ళకు సిగ్గులేనితనంలా ఉంటుంది. కాలం గడవాల్సిందే.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్‌బే ప్యాకర్స్ వాళ్ళను చీజ్‌హెడ్స్, అంటే జున్నుతలలు, అనడం పక్క రాష్ట్రం ఇల్లినాయ్ వాళ్ళ వెటకారం. విస్కాన్సిన్ అంటే పాడి, జున్ను కదా. 1987లో రాల్ఫ్ బ్రూనో అనే కుర్రాడు వాళ్ళమ్మ సోఫాలోని నురుగు దిండు కోసి, త్రికోణపు జున్నుముక్క ఆకారంలో టోపీ చేసి, పసుపు రంగు పూసి, మిల్‌వాకీలో బేస్‌బాల్ మ్యాచ్‌కు పెట్టుకెళ్ళాడు. ఆ టోపీ తర్వాత ఫుట్‌బాల్ అభిమానులకు కిరీటమైంది. 1995లో ఒక చిన్న విమానం కూలబోతుంటే అందులో ఉన్న అభిమాని ఆ నురుగు టోపీని మొహానికి అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు. 2023లో ఆ టోపీలు చేసే సంస్థను ప్యాకర్స్ క్లబ్బే కొనేసింది. ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ వాళ్ళను కోతిని ఉరితీసినవాళ్ళంటారు. నెపోలియన్ యుద్ధాలప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరేశారని ఒక పాత కథ. అక్కడి క్లబ్బు కోతినే మస్కట్‌గా పెట్టుకుంది. ఆ కోతివేషం కట్టే స్టువర్ట్ డ్రమండ్ పిల్లలకు ఉచితంగా అరటిపండ్లు ఇస్తానంటూ 2002లో మేయరు ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. 2005లో, 2009లో మళ్ళీ గెలిచాడు. మొదటిసారి సరదాకు ఓటేశారనుకున్నా, మిగతా రెండుసార్లు మాత్రం పనితీరు చూసే వేసి ఉంటారు.

అన్ని తిట్లూ ఇలా మందుగా మారవు. లండన్‌లో టోటెన్‌హామ్ అభిమానుల్ని ఎదుటి జట్లవాళ్ళు యూదులను కించపరిచే ఒక మాటతో పిలిచేవాళ్ళు. దానితోపాటు గ్యాస్‌చాంబర్లను గుర్తుచేసే బుసలు కూడా వినిపించేవి. టోటెన్‌హామ్ గ్యాలరీ, అందులో యూదులూ కానివాళ్ళూ కలిసి, ఆ మాటనే కవచంగా తొడుక్కుంది. పక్కవాడి మీద పడిన రాయి నా మీద పడినట్టే అన్న భావం అందులో ఉంది. దాన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ ఆ మాట దెబ్బ ఆటను దాటి చాలా దూరం పోతుంది. ఫుట్‌బాల్ చూడని యూదు కుటుంబానికి అది వీధిలో వినబడితే కవచంలా ఉండదు. 2013లో ఆ మాట వాడినందుకు అభిమానుల్ని అరెస్టు చేశారు, 2014లో కేసులు ఎత్తేశారు. 2019లో క్లబ్బు జరిపిన అభిప్రాయ సేకరణకు 23,000 మందికి పైగా స్పందించారు. 2022 ఫిబ్రవరిలో ఇక ఆ మాటను వదిలి ముందుకు సాగుదామని క్లబ్బే అభిమానుల్ని కోరింది. నలభై ఏళ్ళుగా దాన్ని ప్రేమగా పాడుకున్నవాళ్ళకు అది నిజంగా కష్టం. అయినా క్లబ్బు అడిగింది న్యాయమే అనిపిస్తుంది. తిట్టును ఎత్తుకునే హక్కు ఆ తిట్టు తగిలినవాళ్ళకు ఉంటుంది. గ్యాలరీలో ఉన్న అందరికీ అది తగలలేదు.

కొన్ని పేర్లు మనుషుల కన్నా ముందు చోటుకు పడ్డాయి. లివర్‌పూల్ ఫుట్‌బాల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో కాప్ అనే స్టాండు 1906లో కట్టిన మట్టిదిబ్బ. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలో స్పియాన్ కాప్ అనే కొండ మీద జరిగిన యుద్ధంలో లివర్‌పూల్ ప్రాంతపు సైనికులు చాలామంది చనిపోయారు. ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ అనే పత్రికా సంపాదకుడు ఆ కొండ పేరునే ఈ దిబ్బకు సూచించాడు. ఆ కొండ మీద గాయపడినవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసిన భారతీయ దళంలో గాంధీ కూడా ఉన్నాడు. ఒక యుద్ధభూమి పేరు ఫుట్‌బాల్ గట్టుకు, ఆ గట్టు పేరు దాని మీద నిలబడినవాళ్ళకు పాకింది. వాళ్ళు కాపైట్లయ్యారు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగిపోయిన దుర్ఘటన 97 మంది ప్రాణాలు తీశాక పెద్ద స్టేడియాలన్నిటిలో కుర్చీలు వేయాలని నిర్ణయించారు. 1994 ఏప్రిల్ 30న కాప్ చివరిసారి నిలబడి ఆట చూసింది. నార్విచ్ చేతిలో 1–0 ఓటమి. ఒకప్పుడు 28,000 మంది కిక్కిరిసిన చోట ఇప్పుడు 12,000 చిల్లర కుర్చీలు. పాత కాప్‌లో జనం అలలా ఊగేవాళ్ళు. గోల్ పడితే పది మెట్లు కిందకు కొట్టుకుపోయేవాళ్ళు. ఆ తరం వాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుని నిట్టూరుస్తారు. కుర్చీలు రావాల్సిందే, ప్రాణాల కన్నా ఏదీ ఎక్కువ కాదు. అయినా ఆ నిట్టూర్పు నిజమైనది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాగ్ పౌండ్, అంటే కుక్కలదొడ్డి, కూడా చోటు పేరే, అయితే దాన్ని పెట్టింది ఆటగాళ్ళు. 1985లో అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ డిఫెండర్లు హాన్‌ఫర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినిఫీల్డ్ శిక్షణ శిబిరంలో తోటివాళ్ళను ఉత్సాహపరచడానికి కుక్కల్లా మొరిగేవాళ్ళు. చవక బెంచీల మీద కూర్చునే జనం ఆ మొరుగుడును అందుకున్నారు. కుక్కల మాస్కులు వచ్చాయి, కుక్కబిస్కెట్లు మైదానంలోకి ఎగిరాయి. 1989లో డెన్వర్‌తో ఆడుతుంటే ఆ విసురుడు తట్టుకోలేక రిఫరీ జట్ల వైపులే మార్చాడు. 1995 నవంబరులో యజమాని జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నానని ప్రకటించాడు. ఆ డిసెంబరులో చివరి హోమ్ మ్యాచ్ నాడు జనం బెంచీలు పీకి తీసుకుపోయారు. ఆ తర్వాత నగరం పోరాడి జట్టు పేరు, రంగులు, రికార్డులు తన దగ్గరే ఉంచుకుంది. మూడు సీజన్ల పాటు అభిమానులున్నారు, పేరుంది, జట్టే లేదు. 1999లో జట్టు తిరిగొచ్చినప్పుడు కొత్త స్టేడియంలో ఆ బెంచీల భాగానికి పాత పేరే పెట్టారు.

ఆ మూడేళ్ళ గురించి చదివితే మన ఐపీఎల్ అభిమానులకు హైదరాబాద్ గుర్తుకు రాక మానదు. డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి, 2009లో జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరు మీద 6 పరుగులతో కప్పు గెలిచింది. 2012 సెప్టెంబరులో ఆ ఫ్రాంచైజీ రద్దయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. రంగు మారింది, యాజమాన్యం మారింది, ఆరెంజ్ ఆర్మీ అన్న పేరు వచ్చింది. క్లీవ్‌లాండ్‌లా పాత రికార్డులు వెంట రాలేదు. 2009 కప్పు సన్‌రైజర్స్ ఖాతాలో లేదు. అది చూసి ఆనందపడ్డవాళ్ళు మాత్రం అదే గ్యాలరీలో ఉన్నారు. వాళ్ళ లెక్కలో కప్పులు రెండు. ఇలాంటి చోట పాత పేరును తలుచుకోవడం కొత్త జట్టుకు ద్రోహమేమీ కాదు.

ఆరెంజ్ ఆర్మీ పైనుంచి వచ్చిన పేరు. రంగుకు ఆర్మీ తగిలించడం ఐపీఎల్‌లో అందరూ చేసేదే. అది 2016 ఫైనల్లో, బెంగళూరులో, 8 పరుగుల గెలుపుతో కాస్త సొంతమైంది. వార్నర్ ఆ సీజన్‌లో 848 పరుగులు చేశాడు. నా అంచనాలో మాత్రం దానికి అసలు పరీక్ష 2021. ఆ వార్నర్‌నే సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, తర్వాత జట్టులోంచి కూడా పక్కన పెట్టారు. జట్టు చివరి స్థానంలో నిలిచింది. అభిమానులు రెండుగా చీలిపోయారు. జట్టు కోసమా, మనిషి కోసమా అని. అప్పుడు వార్నర్ స్టాండ్‌లో కూర్చుని సన్‌రైజర్స్ జెండా ఊపుతూ కనిపించాడు. ఆ రోజు అతను ఆటగాడిగా కాక ఆరెంజ్ ఆర్మీలో ఒకడిగా ఉన్నాడు. ఆ తర్వాత 2024లో ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టి, ఫైనల్లో 113కే కూలిపోయినప్పుడు జెర్సీ విప్పినవాళ్ళు తక్కువే. అదే పేరు ఇప్పుడు దక్షిణాఫ్రికాలో కూడా ఉంది. 2023, 2024 టైటిళ్ళు గెలిచిన సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ సొంతూరు గ్బెఖాలో సెయింట్ జార్జెస్ పార్క్ మైదానపు బ్రాస్ బ్యాండు వాయిస్తుంటే నారింజ చొక్కాలు ఊగుతాయి. ఇంత కన్నా గట్టి పరీక్ష తట్టుకున్నది ఫుట్‌బాల్ జట్టు కేరళ బ్లాస్టర్స్ వాళ్ళ మంజప్పడ. పసుపుదండు అన్నమాట. 2014, 2016, 2022 మూడు ఇండియన్ సూపర్ లీగ్ ఫైనళ్ళూ ఓడారు. చివరిది హైదరాబాద్ ఎఫ్‌సీ చేతిలో పెనాల్టీల మీద. అయినా ఆ పసుపు పలచబడలేదు.

ఇంతవరకు మనసు సంగతి. పేరు నిలవాలంటే నోటికి, చేతికి, గుడ్డకు కూడా సరిపోవాలి. ఇది అనుభవం ఉన్న దండులకే తెలిసే పని.

మొదటిది శబ్దం. ఇరవై డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్టాండుకు స్టాండుకు మధ్య 170 మీటర్లుంటే మన అరుపు అవతలికి చేరేసరికి అర సెకను. నిమిషానికి 120 చప్పట్ల వేగం అంటే రెండు చప్పట్ల మధ్య కూడా సరిగ్గా అర సెకనే. అంటే మన మొదటి చప్పట్టు వాళ్ళకు వినిపించే వేళకు మనం రెండోది కొడుతుంటాం. వాళ్ళు విన్నదాన్ని పట్టుకుని కొడితే, అది మనకు తిరిగి చేరేసరికి మొత్తం ఒక సెకను తేడా. నినాదం గజిబిజి అయిపోయేది ఇందుకే. జనంలో ఉత్సాహం లేక కాదు. దీనికి మందు, వేగం తగ్గించడం. లేదంటే పేరును రెండు ముక్కలు చేసి ఒక వైపు వాళ్ళు మొదటి ముక్క, రెండో వైపు వాళ్ళు జవాబు అనడం. జవాబుకు ఆలస్యం తప్పు కాదు. 2016 యూరో ఫుట్‌బాల్ పోటీల్లో ఐస్‌లాండ్ అభిమానులు చేసిన చప్పట్లలో ఉన్న కిటుకు కూడా ఇదే. డప్పు మీద దెబ్బ, తల మీద చాచిన చేతులు, మొదట చాలా ఎడంగా. చెవికి ఆలస్యం ఉంటుంది గానీ కంటికి ఉండదు. చేతులు చూసి కొడితే వేలమంది ఒక్కసారే కొడతారు. అందుకే దండు నాయకుడు ఆటకు వీపు చూపించి జనం వైపు తిరిగి నిలబడతాడు. తొంభై నిమిషాలూ గోల్ చూడకుండా నిలబడే ఆ మనిషికి ఎంత రుణపడి ఉన్నా తక్కువే. డప్పు స్టాండు మధ్యలో, కింది వరుసల్లో ఉండాలి. ఓ మూలన పెడితే రెండో మూల వెనకబడుతుంది.

పేరు రెండు లేక నాలుగు దెబ్బల్లో ఒదగాలి, చివర దీర్ఘం ఉంటే మరీ మంచిది. ఆ, ఈ, ఓ మీద ముగిసే పేరును గొంతు సాగదీయగలదు. హల్లు మీద ముగిసే పేరు తెగిపోతుంది. వాయిద్యాలు తెచ్చుకునే ముందు మైదానం నిబంధనలు చూసుకోవాలి. బార్మీ ఆర్మీ బూర వాయించిన బిల్లీ కూపర్ వృత్తి సంగీతకారుడు. అలాంటి మనిషినే 2006లో బ్రిస్బేన్‌లో బూరతో సహా బయటికి పంపించారు.

రెండోది గుడ్డ. దూరం నుంచి హాయిగా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికి అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉండాలన్నది బోర్డులు రాసేవాళ్ళ లెక్క. ఎదుటి స్టాండు 150 మీటర్లంటే దాదాపు 490 అడుగులు, అంటే అక్షరం 49 అంగుళాలు, నాలుగడుగులకు పైనే. గీత మందం ఎత్తులో ఐదో వంతో ఆరో వంతో ఉండాలి. అంతకన్నా సన్నగా ఉంటే కెమెరాలో మాయమవుతుంది. తెలుగులో రాసేటప్పుడు ఈ లెక్క అలాగే వాడితే దెబ్బతింటాం. తలకట్టు, గుడి పైకి పోతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. అందుకని ఆ నాలుగడుగులు అక్షరం ఒంటికే ఇచ్చి, కింద కనీసం సగం ఎత్తు ఒత్తులకు వదలాలి. ఆర్మీలో ర కింద ఉన్న మ ఒత్తును కుదించి రాస్తే దూరానికి ఆరీ అనే కనిపిస్తుంది. గుండ్రటి అక్షరాల లోపలి ఖాళీలు కూడా పెద్దవిగా ఉంచాలి. లేకపోతే ద, ధ, డ ఒకేలా ఉంటాయి.

గుడ్డకు పలచటి పాలిస్టర్ మేలు. నూలు దుప్పటి వాన పడితే నీళ్ళు పీల్చి ఇద్దరికి కూడా లేవదు. ముందు కాగితం మీద గళ్ళు గీసి బొమ్మ వేసుకుని, పది సెంటీమీటర్ల గడిని మీటరు గడిగా గుడ్డ మీదకు ఎక్కించాలి. ప్రొజెక్టరుంటే ఇంకా సులువు, కాకపోతే అది కాస్త ఏటవాలుగా ఉన్నా అక్షరాలు పైకి పోయేకొద్దీ లావెక్కుతాయి. నీళ్ళలో కలిసే రంగునే పలచగా రెండుసార్లు వేయాలి. మందంగా ఒకేసారి పూస్తే మడతల్లో పగిలి రాలుతుంది. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వకుండా మడిస్తే అక్షరం మీద అక్షరం అచ్చవుతుంది. మడత ఇటూ అటూ మడిచే పద్ధతిలో, పై అంచు పైకి వచ్చేలా పెట్టి, నడిమధ్య ఒక రంగు రిబ్బను కట్టాలి. ఆ రిబ్బను లేకపోతే మ్యాచ్ రోజు హడావిడిలో పేరు తలకిందులుగా లేస్తుంది. చాలా స్టేడియాలు నిప్పంటుకోని గుడ్డే కావాలంటాయి, గట్టి కర్రలు రానివ్వవు. ఆ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

కుర్చీకో రంగుకాగితం పెట్టి పేరు రాసే పద్ధతి కంటికి అద్భుతం, పనికి నరకం. కుర్చీల పటం తాజాదై ఉండాలి. మెట్లదారి దగ్గర ఒక్క వరుస లెక్క తప్పినా అక్కణ్ణుంచి అక్షరమంతా పక్కకు జరుగుతుంది. కాగితం వెనక ఎప్పుడు ఎత్తాలో, ఏ రంగు బయటికి పెట్టాలో రాసి ఉంచాలి. ఎక్కువగా చెడేది ఒక్కచోటే, జనం ఫొటో తీసుకోవడానికి కాగితం దించేస్తారు. ఒక్క నిమిషం దించొద్దని, ఫొటోలు ఎదుటి స్టాండు నుంచి తీసి అందరికీ పంపుతామని ముందే చెబితే చాలావరకు ఆగుతారు.

పేరు పెద్దదయ్యాక హక్కుల తగాదా వస్తుంది. పన్నెండో ఆటగాడు అన్న పేరు అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానిది. 1922 జనవరి 2న సెంటర్ కాలేజీతో ఆడుతుంటే గాయాలతో ఆటగాళ్ళు తగ్గిపోయారు. పైన ప్రెస్ బాక్సులో ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిస్తే జెర్సీ వేసుకుని ఆట అయ్యేదాకా పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. ఆడే అవసరం రాలేదు, జట్టు 22–14తో గెలిచింది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సియాటిల్ సీహాక్స్ 1984లో 12 నంబరు జెర్సీని అభిమానులకే అంకితం చేసింది. 2006లో విశ్వవిద్యాలయం కోర్టుకెళ్ళింది, డబ్బు కట్టి వాడుకునేలా రాజీ కుదిరింది. తర్వాత సియాటిల్ వాళ్ళు తమను తాము ట్వెల్వ్స్ అనుకోవడానికే మొగ్గారు. బెంగళూరు ఐపీఎల్ అభిమానులు కూడా తమను ట్వెల్త్ మ్యాన్ ఆర్మీ అనే పిలుచుకుంటారు.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫలో బిల్స్ అభిమానులకు బిల్స్ మాఫియా అన్న పేరు పుట్టింది సోషల్ మీడియాలో. 2010 నవంబరులో ఆ జట్టు ఆటగాడు స్టీవీ జాన్సన్ గెలిపించే పాస్‌ను చేజార్చి, దేవుణ్ణి నిందిస్తూ ట్వీట్ చేశాడు. ఒక పేరున్న పాత్రికేయుడు దాన్ని ఆలస్యంగా పంచుకుంటే అభిమానులు ఆటపట్టించారు, ఆయన వాళ్ళను బ్లాక్ చేశాడు. అలా గెంటేయబడ్డ కొద్దిమందే బిల్స్ మాఫియా. మాఫియా అన్న మాట చూసి క్లబ్బు ఏళ్ళ తరబడి దూరంగా ఉంది. 2017 చివరి రోజున సిన్సినాటి ఆటగాడు ఆండీ డాల్టన్ విసిరిన ఒక పాస్ వల్ల బఫలోకు పదిహేడేళ్ళ తర్వాత ప్లేఆఫ్ దొరికింది. ఆ కృతజ్ఞతతో ఈ మాఫియా డాల్టన్ ధర్మసంస్థకు తలా 17 డాలర్లు పంపింది. 2020 నవంబరులో పాస్‌లు విసిరే తమ ముఖ్య ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ నానమ్మ చనిపోతే, మళ్ళీ 17 డాలర్ల చొప్పున బఫలో పిల్లల ఆసుపత్రికి పంపారు. 17 అతని జెర్సీ నంబరు. మొత్తం పది లక్షల డాలర్లు దాటింది, ఆసుపత్రిలో ఒక విభాగానికి ఆవిడ పేరు పెట్టారు. ఆ రోజులకల్లా క్లబ్బు కూడా మాఫియా అన్న మాటను తన దుకాణంలో టీషర్టుల మీద అచ్చు వేస్తోంది.